తలుపు గడియ పెట్టకు

డొమైన్ పేర్ల వివాదాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కంపెనీ పేరు కలిసిన నా వెబ్‌సైటు పేరును సదరు కంపెనీకి అప్పగించమన్న తమ ఉత్తర్వును కొంతకాలం ఆపుట గురించి.

1. నేను ఆన్సరింగ్ మెషీన్లు బాగుచేయువాడను. అనగా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్ చేసినవారి మాటలను క్యాసెట్టులో పట్టి ఉంచే పెట్టెలు. సదరు కంపెనీ వీటి తయారీ ఎప్పుడో మానుకున్నది. నేను మానలేదు.

2. కంపెనీ పేరు చివర 'రిపేర్లు' అని తగిలించి డొమైన్ నమోదు చేసుకున్న మాట వాస్తవము. అలా పెడితేనే జనం వెతుక్కుంటూ వస్తారని మా అల్లుడు చెప్పాడు. "సొమ్మొకడిది సోకొకడిది అంటారు దీన్ని. రేపు వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్తారు?" అని మా ఆవిడ అప్పుడే అన్నది. ఇంట్లో ఉచితంగా దొరికిన న్యాయసలహాను పెడచెవిన పెట్టితిని. "మేము ఆ కంపెనీ వారము కాము" అని సైటు నెత్తిన రాసినప్పటికీ, ట్రేడ్‌మార్కు ఉన్న పేరు చూసి జనం పొరబడతారని వారి లాయరు వాదించారు, తమరు ఒప్పుకున్నారు. అందులో నాకు పేచీ లేదు.

3. నా పేచీ బల్ల మీద ఉన్న ఒక పెట్టె గురించి. దానిని ఒకావిడ తెచ్చి ఇచ్చినది. ఇల్లు ఖాళీ చేస్తున్నానని, కొత్తచోట కుదురుకున్నాక సైటు అడ్రసుకే మెయిల్ రాస్తానని చెప్పి వెళ్లినది. ఆమె పాత ఫోన్ నంబరు పనిచేయుట లేదు. పెట్టెలో ఒకే ఒక్క మాట ఉన్నది, చనిపోయిన ఆమె కూతురిది: "అమ్మా, తలుపు గడియ పెట్టకు. దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా."

4. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సదరు పెట్టె తనంత తానే మాట్లాడుచున్నది. ప్లగ్గు పీకవచ్చు కదా అని తమరు అడగవచ్చును. పీకాను. మా ఆవిడ మళ్లీ పెట్టింది. "ఆ పిల్ల నోరు మూయడానికి మనమెవరం?" అన్నది. అప్పటినుంచి మా ఇంటికి గడియ పడుట లేదు. నాకు భయంగా ఉంది సార్. వీధిలో కాలి చప్పుడైతే చాలు, ఇద్దరం తలెత్తి గుమ్మం వైపు చూస్తున్నాం.

5. డొమైను చేతులు మారితే ఆ తల్లి రాసే మెయిల్ కంపెనీకి పోవును. ఆమె ఎవరో వారికి తెలియదు, ఎక్కడుందో నాకు తెలియదు. కావున ఆమె రాసేవరకు ఉత్తర్వు ఆపవలెను. లేదా, పేరు పుచ్చుకునేవారే ఆ పేరున వచ్చిన మనుషులకు జవాబు కూడా చెప్పాలని ఆజ్ఞాపించవలెను.

ఆ తల్లి తరఫున కూడా చేసుకుంటున్న ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆన్సరింగ్ మెషీన్ల రిపేరువాడు

తా.క.: ఇది రాస్తుండగా కంపెనీ లాయరుగారు ఫోన్ చేశారు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చి పెట్టె మాట్లాడింది. ఆయన గొంతు తగ్గించి, "మా నాన్నగారి మాటలున్న పెట్టె ఒకటి మా ఇంట్లో ఉందండీ. కంపెనీలో అడిగితే బాగుచేసేవాళ్లు లేరన్నారు. మీకు ఏ అడ్రసుకి రాయమంటారు?" అన్నారు. మీరు తీసేసుకుంటున్న అడ్రసుకే రాయండి అన్నాను.