తీర్పు మీద నా ఇంటిపేరు

లాయరు తాంబెత్ గారికి,

మీరు పంపిన పూలు అందాయి. చెత్తబుట్టలో వేశాను.

నాకు మతి చెదిరి ఆసుపత్రిలో ఉన్న సంగతి డాక్టర్లు మా బేకరీ యజమానికి చెప్పేశారనే కదా మీ దగ్గరికి వచ్చాను. అప్పుడు తెలిసింది ఆయనొక్కడికే. ఇప్పుడు స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టులో గెలిచాం. నా గోప్యతకు భంగం కలిగిందని చెప్పే ఆ తీర్పు నా పేరుతోనే ఇంటర్నెట్‌లో ఉంది. జబ్బు, మాత్రలు, అమ్మను కొట్టబోవడం, అన్నీ ఉన్నాయి.

నిన్న నల్లరొట్టె కొనడానికి తార్తూ యూనివర్సిటీ నుంచి వచ్చిన లా విద్యార్థిని నా బ్యాడ్జి మీద ఇంటిపేరు చూసింది.

"ఆ కేసు మీదేనాండీ? మాకు పరీక్షలో వచ్చింది."

"ఏం కేసమ్మా?" అంది మా కొత్త యజమానురాలు హెల్వి. ఆ పిల్ల పూసగుచ్చినట్టు చెప్పింది. అప్పటినుంచి హెల్వి నన్ను రొట్టె కోసే కత్తి ముట్టనివ్వడం లేదు.

పేరు దాచమని దరఖాస్తులోనే కోరవచ్చట. అది కూడా ఆ పిల్లే చెప్పింది. ఫోన్ చేసి అడిగితే మీరేమన్నారు? "పేరు బదులు ఉత్త అక్షరాలుంటే కేసు ఎవరికి గుర్తుంటుందమ్మా? పేరుంటేనే పుస్తకాల్లోకి ఎక్కుతుంది."

నా పేరు తీసేయమని వెంటనే కోర్టుకు రాయండి. రాయకపోతే మీ మీద కేసు వేస్తాను. ఈసారి నా పేరు దాచమని నేనే అడుగుతాను. మీ పేరు మాత్రం పూర్తిగా ఉండేలా చూస్తాను. పేరుంటేనే కదా పుస్తకాల్లోకి ఎక్కేది.