నలభై రెండు మీటర్లు

మార్చి 3, గురువారం

ఆదివారం సముద్రానికి. తెల్లవారి ఐదున్నరకు పడవ కదలాలి, మధ్యాహ్నం మూడింటికి తిరిగి రేవులో ఉండాలి. ఆలస్యమైతే ఎవరికోసమూ ఆగేది లేదని ఫోన్ చేసి చెప్పాను. నా స్నేహితురాలు పళ్ళ డాక్టరు నవ్వింది. చేపలకు కూడా టైం చెప్పావా టీచరూ, లేటుగా వస్తే బెంచీ ఎక్కిస్తావా అంది. 

పడవ బావగారిది, అంటే అక్క భర్తది. ముప్పై ఏళ్ళు రేవులో ఓడల్ని లాగే టగ్ బోటు నడిపిన మనిషి. లోతు కొలిచే యంత్రం స్క్రీన్ మీద అంకె చూసి ఆయన చెబుతారు, నేను లాగ్‌బుక్‌లో రాస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి.

మాతో వచ్చే టైలరమ్మ ఈసారి నా గేలం తాడుకు ఐదేసి మీటర్లకు ఒక రంగు దారం చుట్టి పంపింది. టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా ఉంది.

మార్చి 6, ఆదివారం, ఉదయం 9.10

పడవలో రాస్తున్నాను. 

లంగరు వేసేటప్పుడు బావగారు లోతు నలభై రెండు మీటర్లు అన్నారు. రాశాను. దానికి సరిపడా లంగరు తాడు వదిలాం. నేను ఎర గుచ్చి సీసం గుండు వదిలాను. నాలుగో దారం నీళ్ళలో మునగకముందే గుండు నేలకు తగిలి తాడు వదులైంది. పందొమ్మిది. పైకి లాగి మళ్ళీ వదిలాను. పందొమ్మిదే.

చెప్పాను. తాడు చిక్కుపడి ఉంటుంది, నీ లెక్క తప్పు మరదలా అన్నారు. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. లేచి వెళ్ళి స్క్రీన్ చూశాను. 19. అంకెలు నా బొటనవేలంత ఉన్నాయి. ఇంకొక్కసారి చూసి చెప్పండి అన్నాను. ఆయన స్క్రీన్ వైపే తిరిగి, తడుముకోకుండా, నలభై రెండు అన్నారు.

ఆయనకు కనిపించడం లేదు.

9.35

మేం ఎప్పుడూ ఆగే చోటు కాదిది. రాతిదిబ్బ పక్కన ఉన్నాం. తాడు ఎక్కువ వదిలాం కాబట్టి గాలికి పడవ దిబ్బ వైపే జరుగుతోంది. నీరు తెల్లగా విరిగే చోటు ఇందాక వంద గజాల దూరం. ఇప్పుడు అరవై. పదకొండుకు ఆటుతో నీరు పూర్తిగా తీస్తుంది, రాళ్ళు ఇంకా పైకొస్తాయి.

పళ్ళ డాక్టరు చేప నోట్లోంచి గేలం ఊడదీస్తూ, ఇంకాస్త తెరువమ్మా, ఆ అను అంటోంది. టైలరమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. టైలరమ్మకు ఈత రాదు. ఉన్న మాట చెబితే ఇద్దరూ గోల చేసి ఒకే పక్కకు వస్తారు, పడవ ఒరుగుతుంది.

నాకు కడుపులో తిప్పుతోంది, వెనక్కి వెళ్దాం అన్నాను. అబద్ధం. డాక్టరు చేతిలో చేప అలాగే ఉండిపోయింది. నా నోట ఆ మాట ఆవిడ ఎన్నడూ వినలేదు.

మధ్యాహ్నం 1.50, ఇంట్లో

లంగరు రాళ్ళలో ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. తాడు నేనే కోశాను. ఇంజన్ అందుకునేలోపు పడవ అడుగు ఒక్కసారి రాయికి గీసుకుంది. ఆ చప్పుడు ఇంకా నా అరికాళ్ళలో ఉంది.

తర్వాత బావగారి పక్కన నిలబడ్డాను. నీళ్ళలో తేలే దారి గుర్తులు, ఎదురొచ్చే పడవలు, అన్నీ కబుర్లు చెబుతున్నట్టే చెప్పాను. అదిగో ఎడమ పక్క ఎర్ర బోయా, ఎంత తుప్పు పట్టిందో. కుడి పక్క పచ్చది, దాని మీద పక్షి కూర్చుంది. ఎదురుగా ట్రాలర్ వస్తోంది, దగ్గరికి వచ్చేసింది, కుడికి కుడికి. నా మాట ఎటంటే ఆయన చేతులు అటు తిరిగాయి.   వెనక నుంచి డాక్టరు, కడుపులో తిప్పితే నోరు ఇంత లేస్తుందా టీచరూ అంది.

మార్చి 7, సోమవారం

లాగ్‌బుక్ తిరగేశాను. రెండేళ్ళ కిందటి దాకా నలభై, నలభై మూడు, నలభై ఒకటిన్నర. రెండేళ్ళుగా ప్రతి ట్రిప్పూ నలభై రెండే. నీరు పెరిగినా తీసినా నలభై రెండే. పక్కవాడి పేపరు చూసి రాసిన పిల్లల్ని గుమ్మంలోంచే పట్టేసేదాన్ని. ఇక్కడ స్క్రీన్ పక్కనే కూర్చుని, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ప్రతి పేజీ కిందా నా సంతకం.

మార్చి 9, బుధవారం

అక్క ఇంటికి వెళ్ళి అడిగాను. అక్కకు తెలుసు.

ఆ పడవ కూడా తీసేస్తే ఇంట్లో స్తంభంలా కూర్చుంటారే అని ఏడ్చింది. మరి మా ప్రాణాల మాటేమిటి అన్నాను. నువ్వుంటావుగా పక్కన, నీ కన్నుగప్పి ఏదీ పోదుగా, ఆ ధైర్యంతోనే పంపాను అంది.

టీ తాగకుండా వచ్చేశాను.

మార్చి 10, గురువారం, ఉదయం

బావగారు నా మనవరాలికి ఫోన్ చేశారట. ఈ ఆదివారం దాన్నీ తీసుకెళ్తారట. కొత్త లంగరు వచ్చేసిందట, పిల్ల సైజు లైఫ్‌జాకెట్ కూడా తెచ్చారట. తొమ్మిదేళ్ళది. ఎగిరి గంతేస్తోంది.

అదే రోజు, సాయంత్రం 4.30

లాగ్‌బుక్ తీసుకెళ్ళి ఆయన ముందు చదివాను. నలభై రెండు, నలభై రెండు, నలభై రెండు. ఏడోసారికి చాల్లే అన్నారు. పడవ నాది, నన్ను ఫెయిల్ చేయడానికి నువ్వెవరివి అని అరిచారు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. పడవ నడిపే లైసెన్సు మీరే వాపసు ఇస్తే సరే, లేదంటే రేపు పదింటికి రేవు ఆఫీసులో నేనే చెబుతాను అన్నాను.

ఆయన కుర్చీ తడిమి కూర్చున్నారు. తర్వాత చెప్పారు. చూపు మధ్యలో ఒక బూడిదరంగు మచ్చట. చుట్టూ అంచులు కనిపిస్తాయట. నా జుట్టు తెలుస్తుందట, చెవి దుద్దులు తెలుస్తాయట. నా ముఖం చూసి రెండేళ్ళయిందట.

 గుమ్మం దాకా వచ్చి, ఆఫీసు టైం పది అని మాత్రం మళ్ళీ చెప్పాను.

మార్చి 11, శుక్రవారం, ఉదయం 9.50

నాకంటే ముందే బావగారు కౌంటరు దగ్గర ఉన్నారు. ఇస్త్రీ చొక్కా. అక్క పక్కనే ఉంది, నా వైపు తిరగలేదు. లైసెన్సు వాపసు ఫారం. సంతకం ఎక్కడ మరదలా అన్నారు. ఆయన వేలు పట్టుకుని గీత మీద పెట్టాను. సంతకం చేసి, గీత మీదే పడిందా అని అడిగారు.

అంగుళం కింద పడింది.

పడిందన్నాను.