కోడలు ఆగనివ్వలేదు

కొమురవ్వా, ఫోను ఇంట్లోనే మరిచిపోయి కోరుట్ల వెళ్లావు, అందుకే రాస్తున్నాను. మన దినేశ్‌ని సిరిసిల్ల ఆసుపత్రికి తీసుకుపోతున్నాం. నువ్వు ఇంటికి రాగానే అక్కడికి బయలుదేరకు, ఇంట్లో ఉన్న నీ ఫోనుకే నేను చేస్తాను. పాప పక్కింటి హేమలత దగ్గర ఉంది. బట్ట నేసే సాంచాల షెడ్డు తాళం గూట్లో పెట్టాను.

పొద్దున వాడికి ఉన్నట్టుండి ఒక వృషణంలో ఓర్చుకోలేని నొప్పి లేచింది. వాంతి కూడా చేసుకున్నాడు. నిన్న నూలు చుట్టిన సాంచా బీము ఎత్తినందుకు పట్టేసిందనుకుని నేను నూనె రాసుకొమ్మన్నాను. సోమవారం కదా, రాజన్న స్వామికి దీపం పెట్టి బయలుదేరుదామన్నాను.

ఎన్నడూ నా ముందు గొంతెత్తని కోడలు రజిత గడపలో నిలబడింది. "మామా, గిప్పుడు సిగ్గువడితే ఎట్ల? ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగిన. లోపల మెలివడితే గంటల్లనే ఖరాబైతదట. ఆటో తెచ్చిన, నడువుండ్రి" అంది. వాడు ఎక్కి కూర్చున్నాడు.

ఆ పిల్ల ధైర్యానికి మొక్కాలనిపించింది. దీపం ఆలస్యమైతే రాజన్న నిజంగా కోపగిస్తాడా? నాకైతే అలా అనిపించడం లేదు.

దీపం నువ్వు పెట్టు. మామ ముందు అలాంటి మాట ఎట్లా అన్నావని రజితను అడగకు. ఆ పిల్ల పొద్దుటినుంచి ఏమీ తినలేదు, ఆసుపత్రి నుంచి రాగానే అన్నం పెట్టు.