వైల్‌నెస్ అంటే రెండు అర్థాలు

గార్‌సైడ్ గారికి,

మంగళవారం మా ఫ్లాటు చూసి వెళ్ళిన మీ హౌసింగ్ ఆఫీసు ఇన్‌స్పెక్టరు రిపోర్టులో "కొద్దిపాటి అసౌకర్యం" అని రాశారు. ఆ మాట మార్చమని అడగడానికే ఈ ఉత్తరం.

పై అంతస్తుల మురుగు నెల రోజులుగా మా వంటింటి సింకులోకి ఎగదన్నుకొస్తోంది. అమ్మ టీ కప్పులు కడిగే చోట మనుషుల మలం తేలుతోంది. ఆ కంపుకు ఆమె రొట్టె ముక్క కూడా మింగలేక వాంతి చేసుకుంటోంది.

మీ ఇన్‌స్పెక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "అలవాటైపోతుందిలెండి" అన్నారు.

అమ్మ యార్క్‌షైర్ బళ్ళలో నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పింది. "దీనికి సరైన మాట వైల్‌నెస్ నాయనా. చూస్తేనే కడుపులో దేవే రోత అని అర్థం. అదే రాసుకో" అని ఆయనతో అంది.

"అంత పెద్ద మాటకు మా ఫారంలో చోటు లేదమ్మా" అని ఆయన వెళ్ళిపోయారు.

ఈ ఉదయం అమ్మను ఆసుపత్రిలో చేర్చాను. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని, "మనుషుల నీచత్వానికీ అదే మాట వాడతారు, అది చెప్పడం మరిచాను" అంది.

మొదటి అర్థానికి ప్లంబరును పంపండి. రెండో అర్థానికి మీరే రండి.

ఇట్లు,
కింది అంతస్తులో అద్దెకుంటున్న ఆమె కూతురు