ఇప్పచెట్టు కింద నీ చీరలు

సుశీలా,

నువ్వు లేని మొదటి ఇప్పపూల కాలం ఇది. డిగ్రీ అయిపోయిన మన సునీత, ఊళ్లో పిల్లలందరిలాగే పనికి హైదరాబాద్ పోతానని సంచి సర్దుకుంది. అంతలో మన దగ్గర్లోని కొంటాలో ఇప్పపూల లడ్డూలు చేసే యూనిట్ పెట్టారు. మన పిల్ల తీసుకెళ్లిన పూలకు బూడిద, ఇసుక అంటుకున్నాయని వాళ్లు వెనక్కి పంపారు. చెట్టు కింద ఆకులు కాల్చి, నేల మీద రాలినవి ఏరడమే కదా మన దగ్గర అలవాటు!

"నాయినా, పెట్టెల అమ్మ చీరలున్నయి గదా. చెట్టు కింద కడత, పూలు నేలకు తాకయి," అంది.

పెట్టె తాళం ఇచ్చాను.

పక్కింటి ముత్తమ్మ ఊరుకుంటుందా? "ఏందే, చెట్టుకు చీర కడుతున్నవ్, పెండ్లి జేస్తవా?"

"ఔనత్తా, లడ్డూలు నేనే పెడత!"

ఇవాళ యూనిట్ వాళ్లు ఆ పూలన్నీ తీసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు ఇలా పట్టడం నేర్పమని దానికి జీతం మీద పని కూడా ఇచ్చారు. ఇంటికొచ్చి ముందు ఆ హైదరాబాద్ సంచి విప్పేసింది.

ఇకమీదట యూనిట్ వాళ్లే వలలు ఇస్తారట. చీరలు మడిచి తెచ్చి, "ఉతకాల్నా నాయినా?" అని అడిగింది.

వద్దన్నాను. ఇప్పపూల వాసనతోనే పెట్టెలో పెట్టాను.