పసుపు పూసిన ఇనుప కడ్డీ

తిరుపతి, అక్టోబరు 1984. బుధవారం.

ఈ రోజు మా ఆయన పనిచేసే చెత్త లారీల షెడ్డులో, ఆయన చేతికింది మునెప్ప చెయ్యి పోవలసింది. లారీ తొట్టిని పైకెత్తి, కింద దూరి గ్రీజు పెడుతుంటే ఊతంగా నిలబెట్టిన కొయ్య దిమ్మె జారిందట. చెయ్యి లాక్కున్నాడు, చొక్కా మాత్రం చిరిగింది.

ఇలా జరక్కూడదనే కదా మా ఆయన ఎన్నో కాగితాల మీద బొమ్మలు గీసి, దిమ్మెకు బదులు గాడిలో కూర్చుని జారకుండా తొట్టిని నిలిపే ఇనుప కడ్డీ చేయించారు. అది ఏమయిందని ఆయన అడిగితే మునెప్ప, "ఆయుధపూజకి పసుపు కుంకుమ పెట్టి దేవుడి పటం పక్కన నిలబెట్టినాం గదన్నా. పూజ చేసినదాన్ని మళ్లీ చెత్త బండికి ఎట్ల ఆనించేది?" అన్నాడట.

నేనూ కత్తిపీటను పూజలో పెట్టాను. మరునాడే తీసి కూర తరిగాను. చెత్త బండి కాబట్టి వాళ్లకు చేతులు రాలేదేమో.

"విడిగా ఉంటే ఇంతే. రేపు దాన్ని లారీకే కీలు వేసి బిగించేస్తా. ఇంక ఎవురూ తీసి దాచలేరు" అన్నారు ఆయన, అన్నం కలుపుతూ.

మంచి ఆలోచనే. కానీ బిగించడానికి కూడా తొట్టి ఎత్తి కిందికి దూరాలి కదా!

"అంతసేపూ తొట్టికి ఊతం ఏది?" అన్నాను.

"దిమ్మె ఉండాది గదే."

"దూరేది మునెప్పేనా?"

"వాన్ని మళ్లీ ఎట్ల పంపేది? నేనే."

రెండు దిమ్మెలు పెట్టుకోమన్నాను. తల ఊపారు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, అలా ఊపితే నా మాట వినలేదనే అర్థం.