పెదనాన్న మాత్ర, పెద్దమ్మ నెత్తురు

అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మందుల షాపు నడిపేదానివి, నీకే ముందు చెప్పాలి! నెల క్రితం ఉలి జారి వేలు తెగింది. నెత్తురు ఆగితే ఒట్టు! చెక్కుతున్న తలుపుకు ఎర్రరంగు వేసినట్టయింది. జబ్బుపడి వారాల తరబడి యాంటీబయాటిక్ మింగుతూ తిండి మానేశాను కదా, ఒంట్లో విటమిన్ కె కరువైందట. డాక్టరు మాత్రలిచ్చాడు. నిన్న మళ్లీ ఉలి తగిలింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నెత్తురు ఆగిపోయింది!

ఇట్లు,
పెదనాన్న

తా.క.: పళ్లు తోముకుంటే మీ పెద్దమ్మకు చిగుళ్ల నుంచి నెత్తురొస్తోంది. వచ్చే ఆదివారం నుంచి నా మాత్రలో సగం ఆవిడకు. ఎలా ఉంది నా తెలివి?

పెదనాన్నగారికి నమస్కారాలు.

వద్దు! వద్దు! వద్దు! పెద్దమ్మ గుండెలో పెట్టిన కొత్త కవాటం దగ్గర నెత్తురు గడ్డకట్టకూడదని రోజుకో మాత్ర వేసుకుంటోంది. మీది గడ్డకట్టించే మాత్ర. రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆకుకూరల్లోనూ ఈ విటమిన్ ఉంటుంది. ఒకరోజు గంపెడు, ఒకరోజు సున్నా అన్నట్టు ఆవిడ తినకూడదు. చిగుళ్ల నుంచి నెత్తురంటే మాటలు కాదు, వెంటనే రక్తపరీక్ష చేయించండి.

మీ అమ్మడు

తా.క.: మీ మాత్రలు పై అరలో పెట్టండి. మీకూ అందనంత పైన కాదు.

అమ్మడూ,

నీ ఉత్తరం సమయానికి అందింది. మాత్ర ఇంకా ఇవ్వలేదు, బతికిపోయాం! ఆకుకూరలు శత్రువులన్నావు కదా, పెరట్లో ఉన్నవన్నీ వేళ్లతో సహా పీకేశాను. మీ పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. పరీక్షకు రానని పక్కింటావిడతో చెప్పించింది.

నీ పెదనాన్న

తా.క.: ఎ, బి, సి, డి, ఇ దాకా వచ్చి ఒక్కసారిగా కె కు దూకారేం? మధ్య అక్షరాలను ఎవరు మింగారు?

పెదనాన్నగారూ,

పీకమని ఎవరన్నారు? రోజూ ఒకేలా తినమన్నాను! రేపటికల్లా పరీక్ష చేయించకపోతే బస్సెక్కి నేనే వస్తాను.

అమ్మడు

తా.క.: ఈ ఉత్తరం పెద్దమ్మ చేత చదివించండి. గట్టిగా.

బంగారు తల్లీ,

ఆస్పత్రి బల్ల మీద గంతులేస్తూ రాస్తున్నాను! నీ ఉత్తరం చదివి ఆవిడే ముందు చెప్పులేసుకుంది. పరీక్షలో అంకె మూడు దగ్గర ఉండాలట, పదకొండు దాటింది! నెత్తురు అంత పల్చబడిపోయిందట. డాక్టరు ఆవిడ మాత్ర ఆపి, నోట్లో ఏదో మందు కొద్దిగా పోశాడు. "ఏమిటండీ అది?" అన్నాను. "విటమిన్ కె" అన్నాడు. అమ్మడూ, నా మందే! "నేను ముందే చెప్పలేదా! సగం విరిచి ఇద్దామనుకున్నాను!" అని అరిచాను. "నేను పరీక్ష చూసి, కొలిచి ఇచ్చాను. మీలా విరిచి కాదు" అన్నాడాయన. ఇవాళ అంకె మూడుకు దిగింది. రేపు ఇంటికి పంపుతారు!

నీ పెదనాన్న

తా.క.: "గుండె మాత్ర రోజుకెన్ని వేసుకుంటున్నారు?" అని డాక్టరు అడిగాడు. "ఒకటే, సాయంత్రం" అంది ఆవిడ. "అదేంటి, రోజూ పొద్దున నేనే ఇస్తున్నాగా!" అన్నాను. "అది బలం మాత్ర అనుకున్నానండీ!" అంది. ఇప్పుడు తన మాత్రలతో పాటు నావి కూడా లాక్కుని దిండు కింద పెట్టుకుంది. అడిగి తీసుకోవడానికి నాకు నోరు రావడం లేదు.